తరగని టబ్బు

బుధవారం పొద్దున ఎనిమిదింటికి మున్జిర్ ఇంట్లో నీళ్లు ఆగిపోయాయి. వంటింటి కుళాయి రెండుసార్లు దగ్గి, గాలి కక్కి ఊరుకుంది. అతని పెళ్లాం ఫాదియా చేతులు సబ్బు నురగతో అలాగే ఉండిపోయాయి. మళ్లీ నీళ్లొచ్చేది శనివారం. అమ్మాన్‌లో ఈ కొండ మీది ఇళ్లకి వారానికి ఒక్క రోజే పైపుల్లో నీళ్లు పారతాయి. ఆ ఒక్క రోజూ డాబా మీది ట్యాంకులు నింపుకుని వారమంతా గడుపుకోవాలి. మున్జిర్‌ది రెండు వేల లీటర్ల ట్యాంకు. ఇంట్లో ముగ్గురే మనుషులు. పది రోజులకి సరిపోవాల్సిన నీళ్లు అంతకుముందు వారం శుక్రవారానికి అయిపోయాయి, పోయిన వారం గురువారానికి, ఈ వారం బుధవారానికే.

అత్తగారు హజ్జా రబీహా మాత్రం గాభరా పడలేదు. స్నానాల గదిలో టబ్బు నిండుగా ఉంది. ఆ టబ్బులో ఎవరూ స్నానం చేయరు. ఆ వీధిలో టబ్బు ఉన్న ఏ ఇంట్లోనూ చేయరు. నీళ్లొచ్చే రోజున దాన్ని అంచు దాకా నింపి, మీద చెక్క మూత వేసి, అవసరానికి బకెట్టుతో తోడుకుంటారు. కుళాయి నుంచి నీళ్లు ధారగా పడే చప్పుడుకి తలనొప్పి వస్తోందని హజ్జా ఒక రబ్బరు గొట్టం తొడిగించింది. దాని కొస టబ్బు అడుగున మునిగి ఉంటుంది. ఇక ఆవిడ గొప్పగా చెప్పుకునే సంగతి ఒకటుంది. ఆ టబ్బు తరగదు. సాయంత్రం నాలుగు బకెట్లు తోడితే తెల్లారి నమాజు వేళకి మళ్లీ నిండుగా ఉంటుంది. మొదట్లో కోడలికి మాత్రమే చెప్పింది, తర్వాత మెట్ల మీద కనిపించిన ప్రతి ఆడమనిషికీ చెప్పింది. "మక్కా వెళ్లొచ్చిన చేతులమ్మా ఇవి. అల్లా దీవెన, బర్కత్ ఇచ్చాడు" అని.

ఇంకా ఆఫీసుకి బయల్దేరని మున్జిర్ కాళ్లకి చెప్పులు తగిలించుకుని డాబా మీదికి పోయాడు. పోతూ పోతూ రెండో అంతస్తులో అబూ సుఫ్యాన్ తలుపు కొట్టాడు. అబూ సుఫ్యాన్ పటాలంలో హవల్దారుగా చేసి దిగినవాడు. దిగినా ఆ నడక, ఆ గొంతు ఇంకా దిగలేదు. ఫాదియా కూడా వెనకే వెళ్లింది. ఎవరూ రమ్మనలేదు, ఎవరూ వద్దనలేదు.

డాబా మీద ఆరు ట్యాంకులు వరసగా ఉంటాయి. చివరన సిమెంటు ఇటుకల గది, పైన రేకు. అందులో యాకూబ్, అతని పెళ్లాం కల్తూమా, ఏడాదిన్నర కూతురు ఉంటారు. డార్ఫూర్ నుంచి తరుముకొస్తే వచ్చిన సుడానీలు. యాకూబ్ తెల్లారకముందే రాళ్లు కోసే కార్ఖానాకి పోతాడు. కల్తూమా ఆరిళ్లకీ మెట్లు తుడుస్తుంది, పిలిచినప్పుడు పోయి బెండకాయలు కోసి పెడుతుంది, పండక్కి కార్పెట్లు దులుపుతుంది. వాళ్లకి ట్యాంకు లేదు. ఒక నీలం పీపా ఉంది, రెండు వందల లీటర్లది. ఆ గది గుమ్మానికీ మున్జిర్ ట్యాంకుకీ మధ్య దూరం నాలుగు అడుగులు.

ఆ నాలుగు అడుగులే సాక్ష్యం అయిపోయాయి.

అబూ సుఫ్యాన్ ముందు ట్యాంకు మీద చేత్తో కొట్టాడు. ఖాళీ రేకు మోగింది. తర్వాత మిగతా అయిదూ కొట్టాడు. వాటిలో నీళ్లున్నాయి. ఆపైన కిందికి చూశాడు. కల్తూమా గుమ్మం ముందు తడి ఉంది, తీగ మీద పిల్ల బట్టలు కారుతున్నాయి. పీపా మూత ఎత్తి లోపలికి తొంగి చూశాడు. సగానికి నీళ్లున్నాయి.

"మున్జిర్ ట్యాంకు ఎండిపోయిన రోజున నీ పీపాలో సగం నీళ్లెలా ఉన్నాయి?" అన్నాడు.

కల్తూమా పిల్లని చంకనేసుకుని, తాము రోజుకి రెండు బకెట్లే వాడతామనీ, బియ్యం కడిగిన నీళ్లతోనే నేల తుడుస్తాననీ, మున్జిర్ ట్యాంకు మూత తన చేత్తో ఎన్నడూ ముట్టలేదనీ మెల్లగా చెప్పింది. పొదుపుగా బతికేవాడి దగ్గర ఏదైనా మిగిలితే అది దొంగసొమ్మే అవుతుంది ఈ లోకంలో. అబూ సుఫ్యాన్ ఆమె చెప్పింది విన్నాడు కూడా, విననట్టు కాదు. విని, "రోజుకి రెండు బకెట్లా? ముగ్గురికా?" అని నవ్వాడు. మిగతా ఇళ్లవాళ్లు కూడా ఒక్కొక్కరే పైకెక్కారు. వీళ్లకి గది ఇవ్వొద్దని నేనప్పుడే అన్నానని ఒకడన్నాడు. వాడప్పుడు అనలేదు.

భవనం కమిటీకి మున్జిర్ పెద్ద. అతను మెతక మనిషి. గట్టిగా మాట్లాడేవాడు పక్కనుంటే ఆ మాటే తనదనుకుని ముందుకు నడుస్తాడు. ఆరు ట్యాంకుల మూతలకీ గొలుసులు బిగించి తాళాలు వేయాలనీ, తాళంచెవులు అబూ సుఫ్యాన్ దగ్గర ఉండాలనీ అన్నాడు. ఇంకోమాట కూడా అన్నాడు, కల్తూమా వైపు చూడకుండా, ట్యాంకు వైపు చూస్తూ. ఈ శనివారం కాక పై శనివారం లోపల గది ఖాళీ చేయమని.

కల్తూమా ఫాదియా వైపు చూసింది. పోయిన నెలలో ఇద్దరూ కలిసి ఒకే నేల మీద కూర్చుని రెండు వందల ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టారు. ఫాదియా చూపు తిప్పుకుంది. ఏమనాలో ఆమెకి తెలియలేదు. తెలియకపోవడం నిజమే గానీ, చూపు తిప్పుకోవడమూ నిజమే.

*

గురువారం, శుక్రవారం టబ్బు నీళ్లతోనే ఇల్లు గడిచింది. టబ్బు తరిగింది. బకెట్టు తోడినప్పుడల్లా అంగుళం దిగింది, దిగింది దిగినట్టే ఉండిపోయింది. హజ్జా మూత ఎత్తి చూసి దించి, మళ్లీ ఎత్తి చూసింది. దొంగల కళ్లు పడి బర్కత్ పోయిందని తేల్చేసింది. అబూ సుఫ్యాన్ ఇనప సామాన్ల కొట్టుకి పోయి గొలుసులూ తాళాలూ తెచ్చి, మధ్యాహ్నం ఎండలో చెమటలు కక్కుతూ ఆరు మూతలకీ తనే బిగించాడు. అంత శ్రద్ధగా ఆ మనిషి ఏ పనీ చేయగా ఎవరూ చూడలేదు.

శనివారం నీళ్లొచ్చాయి. వీధంతా బట్టలుతుకుతున్న హోరు. ట్యాంకు నిండింది, టబ్బు నిండింది. ఫాదియా కుళాయి గట్టిగా కట్టేసి, మధ్యాహ్నం దుప్పట్లు నానబెట్టడానికి మూడు బకెట్లు తోడింది. చీకటి పడ్డాక ఇంకో బకెట్టు కోసం మూత ఎత్తితే టబ్బు అంచుకి ఉంది.

ఆమె బకెట్టు కింద పెట్టేసింది.

ట్యాంకు నిండుగా ఉంటే టబ్బు నిండుతోంది, ట్యాంకు ఎండితే నిండటం లేదు. మొన్న రెండు రోజులూ కళ్లెదుట చూసిందే. అల్లా ఇచ్చే బర్కత్‌కి డాబా మీది ట్యాంకుతో పనేముంది? చేయి మోచేతి దాకా నీళ్లలో దించి గొట్టం కొస వెతికింది. కొస ముందు అరచెయ్యి పెట్టింది. చల్లటి నీరు మెత్తగా, ఆగకుండా అరచేతిని తోస్తోంది. లేగదూడ మూతితో నెట్టినట్టుంది. గొట్టం పైకి లాగింది. చిటికెన వేలి సగం మందాన ధార, తెగకుండా కారుతోంది. కుళాయి తల పట్టుకుని బలంకొద్దీ బిగించింది. అది ఇంతకు మించి తిరగనంది. ధార ధారలాగే ఉంది.

టబ్బు అంచుకి రెండు వేళ్ల కిందే ఒక చిల్లు ఉంటుంది, ఎక్కువైన నీళ్లు పొర్లకుండా మురుక్కాలవలోకి పోవడానికి. ఫాదియా వంగి చెవి ఆనించింది. లోపల నీళ్లు గొణుగుతూ దిగిపోతున్నాయి. పగలూ రాత్రీ, మూడు వారాలుగా, చప్పుడు లేకుండా ట్యాంకులో నీళ్లు టబ్బులోకి, టబ్బులోవి మోరీలోకి పోతున్నాయి. గొట్టం కొస నీళ్లలో మునిగి ఉంటే చప్పుడెందుకవుతుంది?

లీటరున్నర జగ్గు తెచ్చి ధార కింద పెట్టి, వంటింటి గడియారం చూస్తూ నిలబడింది. ఏడు నిమిషాలకి నిండింది. ఆమె లెక్కల్లో తప్పదు. గంటకి పదమూడు లీటర్లు. రోజుకి మూడు వందలు.

రాత్రి భోజనాల దగ్గర మొగుడికి చెప్పింది. అత్తగారు వింటూనే ఉంది. మున్జిర్ రొట్టె ముక్క పులుసులో ముంచి, చుక్క చుక్క కారేదానికి ట్యాంకు ఎండుతుందా అన్నాడు. చుక్క కాదు, ధార అంది. సరే శుక్రవారం ప్లంబర్ని పిలుస్తానన్నాడు. తను లేనప్పుడు పరాయి మగవాణ్ని ఇంట్లోకి ఎలా రానిస్తాం, శుక్రవారం దాకా ఆగు అన్నాడు.

"శనివారం పొద్దున వాళ్లు గది ఖాళీ చేయాలి, మున్జిర్."

"అది వేరే సంగతి" అన్నాడు.

హజ్జా ఎంగిలి పళ్లెం పక్కకి నెట్టి, "నా టబ్బులో చేతులెట్టి కెలికావా?" అని మాత్రం అడిగింది.

*

ఆదివారం మున్జిర్ ఆఫీసుకి పోగానే ఫాదియా పని మొదలుపెట్టింది. తన పెద్దన్న ఇలాంటి కుళాయి విప్పుతుంటే పెళ్లి కాకముందు ఒకటి రెండుసార్లు దీపం పట్టుకుంది. అంతే ఆమె చదువు. నీళ్లు కట్టడానికి డాబా మీదికి పోయి, తమ ట్యాంకు కింది వాల్వు తిప్పింది. వాల్వుకి తాళం లేదు. మూతలకి తాళాలు వేసిన వీరుడికి, నీళ్లు పైనుంచి కాదు, కిందినుంచి పోతాయని తట్టలేదు.

కల్తూమా గుమ్మంలో కూర్చుని పాత గుడ్డతో మూటలు కుడుతోంది. సూది ఆపింది. ఫాదియా వాల్వు తిప్పి లేచి, ట్యాంకు నుంచి నీళ్లు పోతున్నది తమ స్నానాల గదిలోనేననీ, కుళాయి పాడైందనీ, ఇవాళ బాగు చేస్తున్నాననీ చెప్పింది. కల్తూమా దారం కొరికి మూట పక్కన పెట్టింది.

"ఆ సంగతి నాకెందుకక్కా చెప్తావ్" అంది చివరికి. "నేను తీయలేదని నాకు ముందే తెలుసు. చెప్పాల్సినవాళ్లకి చెప్పు."

కిందికొచ్చి ఫాదియా కుళాయి తల మీది నీలం బొట్టు కత్తి మొనతో లేపింది. కింద స్క్రూ ఉంది. సున్నం పట్టి తెల్లగా గడ్డకట్టింది. ఈ ఊరి నీళ్లు ఏది ముట్టుకున్నా సున్నమే. వెనిగర్ పోసి అరగంట నాననిచ్చి, స్క్రూడ్రైవర్ నొక్కిపెట్టి తిప్పింది. ఒకసారి జారింది. రెండోసారి జారి బొటనవేలు చీరింది. వేలు నోట్లో పెట్టుకుని, ఉమ్మి, మూడోసారి తిప్పింది. కదిలింది. తల ఊడొచ్చింది. దాని కింద గంట ఆకారం తొడుగు, ఆ కింద ఆరు పలకల ఇత్తడి నట్టు. మున్జిర్ కారు డిక్కీలోంచి రాత్రే తీసి పెట్టుకున్న పానా పట్టించి, గుడ్డ చుట్టి, టబ్బు అంచుకి కాలు తన్నిపెట్టి లాగింది. ఎముక విరిగినట్టు టప్పుమంది. విరిగింది కుళాయి కాదు, సున్నపు పొర.

మొత్తం మర చేతిలోకి వచ్చింది. కొసన నల్ల రబ్బరు వాషరు. చొక్కా గుండీలాగా గట్టిపడిపోయింది, మధ్యలో గుండ్రంగా గాడి. ఒక పక్క కొరికేసినట్టు ముక్క లేదు. అంతే. గోరంత రబ్బరు ముక్క. దీని కోసం మనుషుల్ని ఇంట్లోంచి తోసేస్తున్నారు.

తల గుడ్డ సర్దుకుని వాషరు పిడికిట్లో పెట్టుకుని వీధి చివర ఇనప కొట్టుకి పోయింది. కొట్టువాడు దాన్ని వేళ్ల మధ్య నలిపి చూసి, మున్జిర్‌ని పంపక నువ్వెందుకొచ్చావమ్మా అన్నాడు. మున్జిర్‌కి దీని కొలత తెలియదని చెప్పింది. వాడు నవ్వి డబ్బాలోంచి కొత్తది తీసిచ్చి, అది కూర్చునే ఇత్తడి అంచు కూడా గరుకెక్కి ఉంటుంది, రుద్దకుండా వేస్తే నెలకే మళ్లీ మొదటికొస్తుందని చెప్పి, అరచేతంత నున్న ఇసక కాయితం చింపి ఇచ్చాడు. అది మంచి మాట. ఫాదియా కుళాయి గొంతులోకి వేలు దూర్చి తడిమితే నిజంగానే గరుగ్గా తగిలింది. కాయితం వేలికి చుట్టి, గొంతు నున్నబడేదాకా గుండ్రంగా తిప్పి తిప్పి రుద్దింది. కొత్త వాషరు బిగించింది, మరకి తెల్ల టేపు మూడు చుట్లు చుట్టింది, నట్టు వేసింది. డాబా మీదికి పోయి వాల్వు తిప్పి వచ్చింది. కుళాయి కింద అరచెయ్యి పట్టి నిలబడింది.

చెయ్యి పొడిగా ఉంది. ఇంకా నిలబడింది. పొడిగానే ఉంది.

పాత వాషరు పారేయలేదు. సబ్బు పెట్టెలో పడేసింది.

*

బుధవారానికి ట్యాంకులో ఇంకా సగం నీళ్లున్నాయి. సాయంత్రం అబూ సుఫ్యాన్ తాళాలు తనిఖీ చేయడానికి పోయి, అలవాటు కొద్దీ ట్యాంకు మీద కొట్టి చూసి, రెండేసి మెట్లు దిగుతూ వచ్చాడు. తాళం పడింది, నీళ్లు నిలిచాయి, ఇంతకన్నా రుజువేం కావాలని మెట్ల మీదే కేకేశాడు. తలుపులు తెరుచుకున్నాయి. మున్జిర్ వీపు తట్టారు. పాపం మంచివాడు కాబట్టి ఇన్నాళ్లు ఊరుకున్నాడన్నారు.

ఫాదియా బాగు చేసింది నిజమే. ఆ బాగు చేయడమే కల్తూమా మెడకి చుట్టుకుంది.

గుమ్మం దాటి మెట్ల మీదికొచ్చి అందరి ముందూ చెప్పింది. కారింది మా కుళాయి, ఆదివారం నేనే బాగు చేశాను, అందుకే నీళ్లు నిలిచాయని. అబూ సుఫ్యాన్ గొంతు మెత్తబరిచి, పిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"నీది జాలి గుండె, చెల్లెమ్మా. కాదనను. కానీ రెండు వేల లీటర్లు కుళాయి చుక్కలకి పోతాయని ఏ ఇంజనీరు చెప్పాడు నీకు?"

నవ్వులు. మున్జిర్ ఆమె మోచెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చాడు. తలుపు వేశాక గొంతు తగ్గించి మాట్లాడాడు. కుళాయి సంగతి అతనికి తెలుసు. ఆదివారం రాత్రే స్నానాల గదిలోకి పోయి చూశాడు, ఇసక కాయితం ముక్క చూశాడు, అన్నీ అర్థమయ్యాయి. కానీ ఆరిళ్ల ముందు మాట ఇచ్చాడు. ఇప్పుడు పోయి, మా ఇంటి మోరీలో పోసుకుని మీ అందరి చేత తాళాలు కొనిపించానని చెప్పమంటావా అన్నాడు. వాళ్లు పోతే ఇంకెక్కడో ఉంటారు, సుడానీలకి గది దొరక్కపోదన్నాడు. ఈ ముక్క అంటున్నప్పుడు అతని చేతులు చొక్కా గుండీ విప్పి మళ్లీ పెట్టాయి.

"నువ్వు చెప్పకు. నేను చెప్తా" అంది.

"చెప్పావుగా. విన్నారా?"

విన్లేదు. ఆడదాని నోటిమాటా సుడానీదాని నోటిమాటా ఒకే బుట్టలో పడతాయి అక్కడ. ఫాదియా దాని గురించి ఏడవలేదు. పెద్ద చెంబుడు పుదీనా టీ కాచుకుని, పూర్తిగా తాగి, ఆలోచించింది.

మర్నాడు పొద్దున కాదు, అప్పుడే, మున్జిర్ కాఫీ కొట్టుకి పోయిన వెనకాలే, పైకెళ్లి వాల్వు కట్టొచ్చి కుళాయి విప్పింది. ఈసారి పావుగంట కూడా పట్టలేదు. కొత్త వాషరు తీసి, సబ్బు పెట్టెలోంచి పాతది తీసి, గాడి ఎటుందో అటే ఉంచి బిగించింది. ఇత్తడి అంచు నున్నగా రుద్దేసింది కాబట్టి ధార మునుపటికన్నా సన్నగా వచ్చింది. జగ్గు పెట్టి చూసింది. ఏడు నిమిషాలు కాదు, తొమ్మిది. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేస్తే ఒక్క రాత్రిలో ట్యాంకు ఎండుతుంది. ఎవరికీ తెలియదు కూడా. ఆమె చెయ్యి తల మీదికి పోయింది. వెనక్కి తీసుకుంది. అబద్ధంతో కట్టిన కేసుని అబద్ధంతో కొట్టేస్తే తనకీ అబూ సుఫ్యాన్‌కీ తేడా ఏమిటి? తొమ్మిది నిమిషాలే కానీ. బట్టలు రెండు విడతలు ఎక్కువ ఉతుకుతాను, అది ఉతుకులే గానీ మోసం కాదు అనుకుంది. గొట్టం తొడిగి, కొస నీళ్లలోకి దించింది.

తిరిగి చూస్తే గుమ్మంలో అత్తగారు.

హజ్జా కర్ర ఆనించుకుని నిలబడి ఎప్పటినుంచి చూస్తోందో తెలియదు. పానా వంక చూసింది, టబ్బు వంక చూసింది. ఆదివారం నుంచి ఆవిడ టబ్బు తరుగుతోంది. రెండు రోజులుగా ఆవిడ మెట్ల మీది ఆడవాళ్లతో మాట్లాడటం లేదు.

"ఇప్పుడు మళ్లీ నిండుతుందా?" అని అడిగింది.

"తెల్లారేసరికి నిండుతుంది, అత్తయ్యా."

హజ్జా కర్ర టకటకలాడించుకుంటూ తన గదిలోకి పోయింది. కొడుక్కి చెబుతుందని ఫాదియా ఎదురుచూసింది. గురువారం గడిచింది. ఆవిడ చెప్పలేదు. గురువారం తెల్లారుజామున మాత్రం లేచి, మూత ఎత్తి, అంచు దాకా ఉన్న నీళ్ల వైపు చూస్తూ చాలాసేపు నిలబడింది. నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ ఆ నీళ్లతో చేయలేదు. వంటింట్లో చేసుకుంది.

*

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయి మగవాళ్లు మసీదు నుంచి తిరిగొచ్చారు. ఫాదియా ములూఖియ్యా ఆకు కడుగుతోంది. కుళాయి దగ్గింది, గాలి కక్కింది, ఆగిపోయింది. ఆమె ఆకు గిన్నె పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

మున్జిర్ నమ్మలేదు. తనే తిప్పి చూశాడు. డాబా మీదికి పరిగెత్తాడు. అబూ సుఫ్యాన్ అన్నం ముందునుంచి లేచి తాళంచెవులతో వచ్చాడు. మిగతా ఇళ్లవాళ్లూ వచ్చారు. ట్యాంకు మోగింది. తాళం వేసింది వేసినట్టే ఉంది, గొలుసు బిగించింది బిగించినట్టే ఉంది. తాళంచెవి ఆయన జేబులోంచి రాలేదు. మూత తెరిచారు. అడుగున గుప్పెడు బురద.

కల్తూమా గదిలో మూటలు కట్టడం అయిపోయింది. పరుపు చుట్టి తాడు కట్టేసింది. యాకూబ్ ఆ రోజు పనికి పోలేదు. గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నాడు, చేతులు కిందికి వేలాడేసి. అబూ సుఫ్యాన్ తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తిప్పుతున్నంతసేపూ ఆయన మొహంలో ఏదో వెతుకులాట. చివరికి దొరికింది.

"దొంగ తాళంచెవి చేయించారు" అన్నాడు.

యాకూబ్ కళ్లు మూసుకున్నాడు.

అప్పుడు ఫాదియా, గది సోదా చేసేముందు మా స్నానాల గది సోదా చేయండి అంది. గొంతు పెంచలేదు. మున్జిర్ ఆపబోయాడు. ఆపలేదు. ఆరిళ్ల మగవాళ్లు చెప్పులు విప్పి, కళ్లు నేలకేసుకుని, ఆ ఇంటి స్నానాల గదిలోకి వచ్చారు. ఫాదియా కుళాయి ఎలా విప్పుతారో, వాషరు ఎక్కడుంటుందో చూపించింది. ఆదివారం కొత్తది వేశాను, నీళ్లు నిలిచాయి. బుధవారం సాయంత్రం పాతది మళ్లీ వేశాను, ఇవాళ ఎండిపోయాయి. మధ్యలో తాళాలు ఎవరూ ముట్టలేదు. ఇదీ లెక్క. చిన్న పిల్లకి చెప్పినట్టు చెప్పింది, రెండోసారి అడిగితే రెండోసారి చెప్పింది. చెప్పి, చీరుకున్న బొటనవేలితో గొట్టం పైకి తీసి చూపించింది. గొట్టం కొసన ఆఖరి చుక్క వేలాడుతోంది.

ఒకడు, తెలిసి తెలిసి నీళ్లు మోరీలో పోస్తావా, అది పాపం కాదా అన్నాడు. మనుషుల్ని వీధిలో పోసేవాడికి నీళ్ల పాపం భలే గుర్తొస్తుంది.

"పాపం నాది."

హజ్జా రబీహా గుమ్మంలో ఉంది. మగవాళ్లు ఇటూ అటూ జరిగారు.

"టబ్బు తరగడం లేదని వీధంతా టముకేసింది నేను. నిండే టబ్బుకి ఎక్కడినుంచి నీళ్లొస్తున్నాయని మీలో ఒక్కడైనా అడిగాడా? నేనూ అడగలేదు. పొగిడించుకోవడం బాగుండి ఊరుకున్నాను." కొడుకు వైపు తిరిగింది. "నన్ను పైకి తీసుకుపో."

ఆవిడ డాబా ఎక్కి నాలుగేళ్లయింది. మోకాళ్లు. మున్జిర్ ఒక చెయ్యి, ఫాదియా ఒక చెయ్యి పట్టుకున్నారు. నాలుగు అంతస్తులు. ప్రతి మలుపు దగ్గరా ఆగింది. వెనక ఆరిళ్లూ ఊరేగింపులా ఎక్కాయి. పైకొచ్చాక ఆవిడ కల్తూమా ముందు నిలబడి ఊపిరి తీసుకుంది.

"అమ్మాయ్, మా ఇంటి మాట తప్పు. మూటలు విప్పుకో."

క్షమించమని అనలేదు. ఆ మాట ఆవిడకి రాదు. మున్జిర్ పక్కన నిలబడి, అవును, గది ఖాళీ చేయక్కర్లేదు అన్నాడు, మళ్లీ ట్యాంకు వైపు చూస్తూ. అబూ సుఫ్యాన్ ఏం చేయాలో తోచక, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, వంగి మొదటి ట్యాంకు గొలుసు విప్పడం మొదలుపెట్టాడు. రెండోది విప్పాడు. మూడోదీ విప్పాడు. ఇనుము సిమెంటు మీద కుప్ప పడింది.

కల్తూమా కూతుర్ని యాకూబ్ చేతికిచ్చి అబూ సుఫ్యాన్ ముందుకొచ్చింది.

"అవి తీయొద్దు, హాజీ."

ఆయన తలెత్తాడు.

"మళ్లీ వేసేయండి. చెవులు మీ జేబులోనే పెట్టుకోండి. రేపు ఇంకెవరి ట్యాంకో ఎండుతుంది. అప్పుడు ఇంకో అక్క ఉండదు కుళాయి విప్పడానికి. తాళాలుంటే ముందు మీ జేబు తడుముకుంటారు. నా గుమ్మం దాకా రావడానికి కాస్త టైము పడుతుంది." ఊపిరి తీసుకుంది. "నా పీపాకి కూడా ఒకటి వేయండి. తోడుకునేటప్పుడు మిమ్మల్నే పిలిచి తీయించుకుంటాను."

ఎగతాళి చేస్తోందేమోనని అబూ సుఫ్యాన్ ఆమె మొహంలోకి చూశాడు. చెయ్యడం లేదు. ఫాదియా, తను గెలిచానని కాసేపు అనుకున్న ఫాదియా, ఒక అడుగు ముందుకేసింది. వద్దు కల్తూమా, ఇక ఎవరూ అనరు అని చెప్పాలనుకుంది. చుట్టూ ఉన్న మొహాలు చూసింది. చెప్పలేదు.

అబూ సుఫ్యాన్ గొలుసులు ఏరుకున్నాడు. ఒక్కో మూతకీ చుట్టి, ఒక్కో తాళం నొక్కాడు. కల్తూమా పక్కనే నడుస్తూ ప్రతి తాళాన్నీ చేత్తో లాగి చూసింది. పీపాకి వేసే తాళం ఇంటినుంచి తెస్తానన్నాడు. తెచ్చేదాకా ఆమె అక్కడే నిలబడింది, ఎండలో. అతను తెచ్చి, వేసి, చెవి జేబులో వేసుకున్నాక, దాన్ని కూడా లాగి చూసి, లోపలికి పోయి పరుపు తాడు విప్పింది.